ఉరవకొండలో రైలు

పెండ్లి ఉరవకొండలో.
పదకొండుకు ఆఖరి పాట అయిపాయ.
బాక్సులు ఆటోకెక్కిస్తిమి.
వైరు మోచేతికి చుట్టుకుంటా నేనంటి:
"ఈ రాత్రప్పుడు ఏం రైలప్పా, ఆగకుండా కూస్తాంది?"
కుళ్ళాయప్ప సింబల్స్ గోనెసంచిలో పెడతాండె.
పలకలా.
లేపాక్షి నవ్వె:
"ఉరవకొండకు రైలు యాడిదిరా?"

మాది గుంతకల్లు.
మా ఇంట్లో ఎవురు మాట్లాడినా
గూడ్సు పోయేదాకా నిలిపి మళ్ళా అందుకుంటారు.
మాయమ్మ తిట్టు గూడా సగంలో ఆగి
ఆఖరి డబ్బా దాటినాక మొదలైతాది.
అట్లాంటి ఊర్లో
నా చెవిలో ఒక బండి ఎన్నాళ్ళ నుంచి కూస్తాందో
ఎట్ల తెలుస్తాది?

బళ్ళారిలో అద్దాల గూట్లో కూకోబెట్టిరి.
ఇనపడితే గుండీ నొక్కమనె ఆ పాప.
ఇనపడినదానికీ నొక్కితి, ఇనపడనిదానికీ నొక్కితి.
కాగితం మీద కుడిచెవి గీత తారురోడ్డు మాదిరి పోయింది,
ఎడమచెవిది బావిలోకి దిగింది.
"డ్రమ్ములు నీకు ఏ పక్కుంటాయి?" డాక్టరు అడిగె.
ఎడమ చెయ్యి ఎత్తితి.
పద్నాలుగేండ్లు.

ఆ రాత్రి కీబోర్డు సన్నగా పెట్టి
ఒక్కో మెట్టూ నొక్కుతా ఎతికితి,
నా కూత ఏ స్వరమో అని.
కుడి కొసన దొరికింది.
తెల్ల మెట్టుకు రోంత పైన, నల్ల మెట్టుకు రోంత కింద,
సందులో నిలబడుకోని ఉంది.
ఏ పాటకూ పనికిరాదు.

ఎస్తేరు టీచరు ఇంటెనక రేకుల షెడ్డు మా ప్రాక్టీసు జాగా.
ఆయమ్మ పాత బొంతలు తెచ్చి రేకులకు కట్టె.
లేపాక్షి మొగం మాడ్చుకోని యాంప్లిఫయర్ గోడ తట్టు తిప్పె.
నేను స్పాంజి బిరడాలు దోపుకుంటి,
నలభై రూపాయలకు రెండు జతలు.
అవి పెట్టుకుంటే మన పాట
పక్కింటోళ్ళు పాడుకున్నట్లుంటాది.

గుత్తిలో పెండ్లికొడుకు మేనమామ
మిక్సర్ మీద ఐదునూర్లు పెట్టి
"ఎద అదరల్లప్పా! ఇదేం సౌండు, దోమ మాదిరి?" అనె.
దుడ్డు తీసుకుంటిమి.
సౌండు పెంచితిమి.
ఇదీ చెప్పాల గదా.

ఒక ఆదివారం కుళ్ళాయప్ప
లోకోషెడ్డు నుంచి చెవిడొప్పలు తెచ్చె.
ఆరేండ్లుగా మేకుకు యాలాడినవి.
చొక్కా కొసతో దుమ్ము తుడిచి
నా తలకు తగిలిచ్చె. ఏమనలా.
పోయి పుల్లలు పట్టుకునె.

ఇంగ ఏమీ ఇనపడలా.
బేతంచెర్ల బండల్లో నుంచి దరువు
అరికాళ్ళకెక్కె, మోకాళ్ళకెక్కె.
చెవులకు పనిలేక
కండ్లు వాని మీదికి పాయ.

వాని చూపు డ్రమ్ముల మీద లేదు.
నా ఎడమ చేతి మీదుంది.
నా వేలు లేస్తే వాని పుల్ల లేస్తాంది.
కావాలనే ఒక మాత్ర ఆగితి.
వాడూ ఆగె.
పెదాలు మాత్రం లెక్క పెడతానే ఉండె.

ఎన్నేండ్లాయరా అని అడగలా.
ఏటా మెడికల్లో ఎట్ల గట్టెక్కుతాండావో అడగలా.
"మెల్లగ కొట్టరా, దున్నపోతా" అని
ఎన్ని పెండ్లిండ్లలో తిట్టింటి వాణ్ణి!
ఆ తిట్లూ ఇనపడినట్లు లేదు,
నవ్వుతాండె గదా.

ఇప్పుడు నేను వానికి ఎదురుగా కూకుంటా.
చెయ్యి రోంత పైకెత్తి వాయిస్తా.
జనాలు స్టయిలనుకుంటారు.

ప్రాక్టీసయినాక గేటు కాడ టీ.
కూత పడింది.
"రైలా?" అంటి, పట్టాల దిక్కు చెయ్యి చూపిచ్చి.
వాడు అరచెయ్యి బల్ల మీద పరిచె,
గ్లాసులోకి చూసె.
"కాదు. నీదే."

రోంతసేపుంటిమి.
ఉన్నట్టుండి టీ మీద మీగడ వణికె.
నాకింగా ఏ తేడా తెలీకముందే
వాడు గ్లాసు చేతికి తీసుకోని
గేటు దిక్కు తిరిగె.